మే నెల బెజవాడలో జపాన్ వేసవి తీయొచ్చా?

పటమట_షార్ట్‌ఫిల్మ్:
పది నిమిషాల సినిమా. టెన్త్ అయిపోయిన అబ్బాయి, అమ్మాయి, వేసవి సెలవులు. జపాన్, కొరియా కథల్లో ఎండాకాలం చూస్తే లోపల కలుక్కుమంటుందే, అదే కావాలి. మే రెండో వారం, బ్యారేజీ దగ్గర షూటింగ్. పసుపు ఫిల్టర్, సికాడాల (వేసవిలో చెట్ల మీద గీపెట్టే పురుగులు) సౌండ్ చాలా?

అరండల్‌పేట_రీలు:
రెండూ వద్దండి. సికాడా అక్కడ గడియారం, ఏ రకం కూస్తోందో వింటే వేళ తెలుస్తుంది. మిన్మిన్‌జెమి రకం పగటి పురుగు. హిగురాషి తెల్లారగట్ల, మునిమాపు వేళ. త్సుకుత్సుకుబోషి మొదలైందంటే వేసవి అయిపోవచ్చినట్టే. మనకి పొద్దున కోయిల, మధ్యాహ్నం కూలర్ మోత ఉన్నాయిగా. కూలర్ ఆపాక గదిలో మిగిలే నిశ్శబ్దం కూడా ఒక నిమిషం రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో పనికొస్తుంది.

అసలు తేడా క్యాలెండర్‌లో ఉంది. జపాన్‌లో బడి ఏప్రిల్‌లో తెరుస్తారు. సెలవులు చాలాచోట్ల జులై 20 ప్రాంతం నుంచి ఆగస్టు 31 దాకా, అంటే చదువు మధ్యలో. తర్వాత మళ్లీ అదే క్లాసు. వాళ్ల కథల్లో వేసవి పండగకి బాణసంచా కాల్చే రాత్రి గొంతులో ఆగిపోయిన మాటని రోజూ ఎదురుగా చూస్తూ మోయాలి. మన టెన్త్ సెలవుల తర్వాత ఆ క్లాసే ఉండదు, ఎవరి హాస్టల్ వాళ్లది. కాలేజీలో చేరే తేదీ మొదటి రెండు నిమిషాల్లోనే తెలియాలి. లేదంటే ఎంత బాగా తీసినా టూరిజం యాడే.

కృష్ణలంక_కెమెరా:
పసుపు కొడితే పాత పెళ్లి క్యాసెట్టే. జపాన్ వేసవి సినిమాల్లో ఎక్కువగా తెలుపు, లేత నీలం, ఆకుపచ్చ. ఎండ వెనక నుంచి పడాలి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా (అంటే వెలుగు రెట్టింపు) పెంచొచ్చు. సెకనుకి 24 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి) 100 పెడితే నడి ఎండ ఎఫ్22, అంటే లెన్స్ కన్ను బాగా చిన్నగా, అడుగుతుంది. కన్ను పెద్దగా తెరిచే ఎఫ్2.8 కావాలంటే వెలుగు ఆరు స్టాపులు తగ్గాలి, లెన్స్ ముందు ఎన్‌డీ64 అనే నల్ల ఫిల్టర్ వేయండి. అది లేక షట్టర్ వేగం పెంచారా, పరుగు సీన్లు అదురుతాయి. సాయంత్రం బ్యారేజీ మీంచి ఎగువకి పెట్టండి, నీళ్లూ పొద్దూ అటే. దిగువన మేలో ఇసుకే ఎక్కువ. అనుమతి ముందే అడగండి. వాళ్ల కొండల్లాంటి మేఘాలు కావాలంటే జూన్ చివరికి జరపాల్సిందే.

పటమట_షార్ట్‌ఫిల్మ్:
థాంక్సండి. వాన సీను, సోడా సీను ఉన్నాయి, ఎలా?

అరండల్‌పేట_రీలు:
హఠాత్తుగా కొట్టే జల్లుని కొరియాలో సొనాగి అంటారు. అక్కడి రచయిత హ్వాంగ్ సున్‌వన్ రాసిన ఒక కథ పేరు కూడా అదే. పిల్లలిద్దరూ జొన్నచొప్ప మోపుల్లో తలదాచుకుంటారు. తమాషా ఏంటంటే అది శరత్కాలపు కథ! ట్యాంకర్ పైపు మనుషుల మీదికి కొట్టకండి, పైకి చిమ్మి పడనివ్వండి. చినుక్కి వెనక వెలుగు, దాని వెనక ముదురు రంగు లేకపోతే కెమెరాకి వానే కనపడదు. మనిషికి మూడు జతల బట్టలు. వానలో ఎండ కాస్తున్నా పర్లేదు, ఎండావానా కలిస్తే అందరికీ ఒక పెళ్లే: మనకి కుక్కకీ నక్కకీ పెళ్లి, జపాన్‌లో నక్క పెళ్లి, కొరియాలో పులి పెళ్లి.

జపాన్ వాళ్ల రామునే సోడా సీసా, మన గోలీసోడా ఒకే తరహా. గోలీ దిగే చప్పుడు సీసాకి ఒక్కసారే, ఆరు టేకులకి ఆరు సీసాలు తెచ్చుకోండి. తాగేటప్పుడు మెడ మీది నొక్కులు కిందికి ఉండాలి, గోలీ వాటి మీద ఆగుతుంది. నొక్కులు పైకి పెట్టి పట్టుకుంటే గోలీ మూతికి అడ్డం పడి, మీ హీరో ఉత్త సీసా పీలుస్తుంటాడు.