వృద్ధులకు వేరే యాప్ చేయాలా, ఉన్న యాప్‌నే వారికి అనువుగా మలచాలా?

నెల్లూరు, యాప్ రూపకర్త:
ఒక సహకార పరపతి సంఘం తన సభ్యుల కోసం మా చేత యాప్ చేయించుకుంటోంది. సభ్యుల్లో అరవై దాటిన రైతులే ఎక్కువ, వారిలో చాలామంది చేతికి స్మార్ట్‌ఫోన్ ఈమధ్యే వచ్చింది. వారి కోసం ‘సులభ రూపం’ అని విడిగా ఒకటి చేసి, అందులో నిల్వ చూడటం, డబ్బు పంపడం, సహాయం అనే మూడు పెద్ద బటన్లు మాత్రమే ఉంచాలని నా ప్రతిపాదన. మీ అభిప్రాయం తెలుపగలరు.

కావలి, చదువరి:
నేను సమర్థిస్తున్నాను. మా నాన్నగారి ఫోన్‌లో డబ్బు యాప్ తెరిస్తే రుణం తీసుకోమనీ బంగారం కొనమనీ వచ్చే ప్రకటనల మధ్య అసలు బటన్ ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది. ఉన్నదాన్ని బాగుచేసే ఓపిక కంపెనీలకు ఉండదు, కాబట్టి వేరేది చేయడమే మేలు.

ఒంగోలు, విశ్రాంత ఉపాధ్యాయుడు:
రూపకర్త గారి సదుద్దేశాన్ని గౌరవిస్తూనే ఈ ప్రతిపాదనతో గట్టిగా విభేదిస్తున్నాను. ఏటా నవంబరులో తోటి పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రాన్ని ఫోన్‌లో సమర్పించేటప్పుడు పక్కన కూర్చుని సాయపడుతుంటాను. పెద్దవారు ఫోన్ వాడకాన్ని పక్కవారిని చూసి నేర్చుకుంటారు. మనవరాలు, ఎరువుల దుకాణంలో కుర్రవాడు, పాల కేంద్రం దగ్గర కలిసే స్నేహితుడు, వీరే వారికి గురువులు. అందరి తెర ఒక రకంగా, ఈయన తెర మరో రకంగా ఉంటే ‘ఇక్కడ నొక్కు తాతా’ అని చెప్పగలిగేవారు ఊళ్లో మిగలరు. పైగా సులభ రూపంలో లేని పని పడిన రోజున, పాత రసీదో బీమా వివరమో కావలసి వచ్చినప్పుడు, ఆయన కొత్త తెర ముందు మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి.

అసలు అడ్డంకి బటన్ల సంఖ్యలో లేదు. ఒక పెద్దాయన ఓటీపీ దగ్గర పడిన అవస్థ చెబుతాను. సందేశం తెర పైభాగాన కాసేపు కనబడి పోయింది. అంకెలు గుర్తుండక ఆయన సందేశాల పెట్టె తెరిచి, వాటిని కాగితం మీద రాసుకుని తిరిగి వచ్చేసరికి యాప్ మొదటి పేజీకి వెళ్లిపోయింది, నింపిన వివరాలన్నీ పోయాయి. మూడు పెద్ద బటన్లు ఈ లోపాన్ని సరిదిద్దలేవు. నింపినదాన్ని చెరపకుండా ఉంచాలి, గడువు ముగిసేలోగా హెచ్చరించి పొడిగించుకోనివ్వాలి, ఓటీపీని యాప్ తానే అందుకోవాలి. గడువు పొడిగించే వీలుండాలని, డిజిటల్ సేవలు అందరూ వాడగలిగేలా ఉండేందుకు రూపొందించిన అంతర్జాతీయ డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 రూపం, ఒక పనిలో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ కొట్టించవద్దని కూడా చేర్చింది.

వేలి సంగతి కూడా ఆలోచించండి. పొలంలోనూ పొగాకు బ్యారన్ల దగ్గరా పనిచేసిన చేతుల చర్మం ఎండి గట్టిపడి ఉంటుంది. అటువంటి వేలిని తెర ఒక్కోసారి గుర్తించదు. గుర్తించలేదని ఆయన మరింత గట్టిగా అదిమి పడతారు, ఫోన్ దాన్ని వేరే ఆజ్ఞగా తీసుకుని అడగని పట్టికేదో తెరుస్తుంది. కాబట్టి ముఖ్యమైన ఏ పనినీ అదిమి పట్టడానికీ పక్కకు జరపడానికీ ముడిపెట్టకండి. ఆండ్రాయిడ్ సూచించే 48 డీపీ (తెర మీద పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) కన్నా చిన్న బటన్ వద్దు.

అక్షరాల విషయంలో మనవారు పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది. ఫోన్‌లో అక్షరాల పరిమాణం పెంచగానే, ఇంగ్లీషు కొలతకు కట్టిన గడిలో తెలుగు ఒత్తులు అడుగున తెగిపోతాయి. ‘చెల్లింపు’లో ఒత్తు కనబడకపోతే చదివేవారికి అనుమానం వస్తుంది, డబ్బు దగ్గర అనుమానం వచ్చినవారు ముందుకు నొక్కరు. అక్షరాలను 200 శాతానికి పెంచి, తెలుగులోనే పరీక్షించండి.

నెల్లూరు, యాప్ రూపకర్త:
సాయపడేవారి తెర గురించిన మీ వాదన బలమైనదే. అయితే సాయం మీద ఆధారపడటమే ప్రమాదం కాదా మాస్టారూ? చాలా ఇళ్లలో పిన్ కూడా మనవడే కొడుతున్నాడు.

నెల్లూరు, బ్యాంకు ఉద్యోగిని:
ఆ భయం నిజమే. మా శాఖకు వచ్చే పెద్దవారిలో కొందరు పిన్‌ను పాసుపుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకుంటారు. పిన్ కొట్టే తెర యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థది, దాన్ని మీరు మార్చలేరు. కానీ దానికి ముందు వచ్చే తెర మీ చేతిలోనే ఉంది. ఎవరికి, ఎంత వెళుతోందో అక్కడ అంకెల్లోనూ అక్షరాల్లోనూ చూపండి, ‘డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు’ అని పెద్దగా రాయండి. తెలుగులో చదివి వినిపించే సదుపాయం తప్పక పెట్టండి, కానీ నిల్వను బయటకు చదివే ముందు అనుమతి అడగాలి. పక్కన ఎవరు వింటున్నారో యాప్‌కు తెలియదు. స్మార్ట్‌ఫోన్ అసలే వద్దనేవారికి మామూలు ఫోన్ మీద పనిచేసే యూపీఐ 123పే 2022 నుంచి ఉంది, సంఘం వారు ఆ సంగతీ చెప్పాలి.

ఒంగోలు, విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, మీరు చెప్పిన ఆ ముందు తెర అందరి యాప్‌లోనూ ఉండవలసినదే, అది వృద్ధులకు మాత్రమే పనికివచ్చేది కాదు. రూపకర్త గారూ, మీ మూడు బటన్లను వదులుకోనక్కరలేదు. వాటిని అందరికీ ఉన్న మొదటి పేజీలోనే పైన పెట్టి, ప్రకటనలను వాటి కిందికి దించండి, ఏ కొత్త రూపం వచ్చినా వాటి చోటు కదలనివ్వకండి. దీనికి ఖర్చెందుకని సంఘం పాలకవర్గం అడిగితే, ఈ-కేవైసీలో, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణలో, కళ్లు ఆర్పి చూపలేక ఇబ్బందిపడినవారి కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పును చూపండి. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం అందులో స్పష్టంగా చెప్పింది.