సర్కారు భూముల వేలం ఆపితే హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు దిగుతాయా?

మియాపూర్ అద్దెదారు:
2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో సర్కారు సంస్థ హెచ్‌ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) 45.33 ఎకరాలు వేలం వేస్తే దాదాపు 3,319 కోట్లు వచ్చాయి. ఒక ప్లాట్ ఎకరం 100.75 కోట్లకు పోయింది. పేపర్లన్నీ సంబరపడ్డాయి. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల నేను ఎక్కడ ఇల్లు చూడబోయినా బేరం 'కోకాపేటలో వంద కోట్లు తెలుసా సార్' అనే మాటతోనే మొదలవుతోంది. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. 80 లక్షల లోన్ తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లపాటు నెలకు 69 వేలు కట్టాలి. నా వాదన ఇదే: ధర ఎక్కిస్తున్నది బిల్డర్ కంటే ముందు సర్కారు. వేలం ఆపాలి. కాదనేవాళ్లు చెప్పండి.

సైట్ ఇంజినీర్:
కాదంటాను. లెక్క చూడండి. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చనే హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ), ఫైర్ నిబంధనలు సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. ఆ వంద కోట్ల ఎకరంలో 5 లక్షల చదరపు అడుగులు కట్టారనుకుందాం. అడుగుకు భూమి ఖర్చు పడేది రెండు వేలే. మిగతాదంతా స్టీలు, సిమెంటు, లిఫ్టులు, వడ్డీ, లాభం. ఎఫ్‌ఎస్‌ఐని బిగించి ఉంచిన ముంబైలో ఏమైందో చూశాం కదా. వేలం ఆపితే ఆ భూమి ఖాళీగా పడి ఉంటుంది, లేదా ఎవడో కబ్జా చేస్తాడు. ఇళ్లు తగ్గితే ధర దిగుతుందా, పెరుగుతుందా?

మియాపూర్ అద్దెదారు:
@సైట్ ఇంజినీర్ అయితే ఆ నియోపోలిస్‌లో 1,100 అడుగుల టూ బీహెచ్‌కే ఒకటి చూపించండి, రేపే వచ్చి అడ్వాన్స్ ఇస్తాను. అంత పెట్టి భూమి కొన్నవాడు మూడు వేలు, నాలుగు వేల అడుగుల ఫ్లాట్లే కడతాడు. ఊళ్లో ఇళ్ల కొరత లేదు, మాలాంటివాళ్లు కొనగలిగే ఇళ్లకే కొరత. రాత్రిపూట ఆ టవర్ల వైపు వెళ్లి ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో చూడండి.

డల్లాస్ నుంచి:
ఆ లైట్లు వెలగని ఫ్లాట్లలో ఒకటి నాదే అనుకోండి. తిట్టుకోండి, పర్వాలేదు. కానీ మాలాంటి ఎన్నారైలం కొనకపోతే సగం ప్రాజెక్టులు మొదలే కావు.

కేపీహెచ్‌బీ పాత కాపు:
పిల్లలిద్దరూ వేలం చుట్టూనే తిరుగుతున్నారు. అసలు సర్కారు ఇళ్లు కట్టడం ఎందుకు మానేసిందో అడగండి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇళ్లు కట్టించింది. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో హౌసింగ్ బోర్డు వచ్చింది. నేనుంటున్న కూకట్‌పల్లి కాలనీ దాని పుణ్యమే. ఎల్‌ఐజీ (తక్కువ), ఎంఐజీ (మధ్యతరగతి), హెచ్‌ఐజీ (ఎక్కువ) అని ఆదాయాన్నిబట్టి ఇళ్లు కట్టి వాయిదాల మీద ఇచ్చేవాళ్లు. మేం వచ్చినప్పుడు 'అంత దూరం ఎవరు పోతారు' అని చుట్టాలు నవ్వారు. ఫ్యాక్టరీ కార్మికులు, బ్యాంకు క్లర్కులు, టీచర్లు ఇంటివాళ్లయ్యారు. ఇవాళ అదే బోర్డు మా కాలనీలో మిగిలిన జాగాలను వేలానికి పెడుతోంది. కొనేది ఎవరనుకుంటున్నారు, క్లర్కులా? మార్కెట్ అన్నీ చూసుకుంటుందనే ఇంజినీరు బాబు కూడా ఎవరో కట్టిన ఎల్‌ఐజీలో పెరిగి ఉంటాడు, అడిగి చూడండి.

సైట్ ఇంజినీర్:
ఎంఐజీ సార్, వెంగళరావునగర్ :) కానీ ఆ రోజుల్లో కూకట్‌పల్లిలో భూమి చవక. ఇప్పుడు అంత భూమి ఔటర్ రింగ్ రోడ్డు అవతలే దొరుకుతుంది.

లింగంపల్లి టీచరమ్మ:
సర్కారు అసలు కట్టలేదనడం కూడా సరికాదు. కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. బాగానే కట్టారు. కానీ మా స్కూల్లో ఆయాకు అక్కడ ఇల్లు వస్తే ఆమె నెలల తరబడి వెళ్లలేదు. నాలుగిళ్లలో పాచిపని, స్కూల్లో ఉద్యోగం, అన్నీ ఇక్కడే. పొద్దున ఆరింటికి బస్సు లేకపోతే ఆ ఇల్లు ఆమెకు ఎందుకు? ఇల్లు ఉచితంగా వచ్చినా రోజుకు ఆటోకు పెట్టే డబ్బులతో ఇక్కడ ఒక గది అద్దెకు వస్తుంది. కొనడం గురించే మాట్లాడుతున్నారు గానీ అద్దెల సంగతి ఎవరూ ఎత్తరేం? మా ఓనర్ మెట్రో రెండో దశ అనే మాట వినిపించగానే అద్దె పెంచాడు. మెట్రో రాలేదు, పెంచిన అద్దె మాత్రం కడుతున్నాను.

సైట్ ఇంజినీర్:
టీచరమ్మ గారి మాట నిజం. ఇంకో కిటుకు కూడా చూడండి. 2019 నుంచి చౌక ఇంటికి జీఎస్టీ 1 శాతం, మిగతా వాటికి 5 శాతం. చౌక అంటే ధర 45 లక్షల లోపు ఉండాలి, హైదరాబాద్‌లో అయితే కార్పెట్ ఏరియా (గోడల లోపలి వైశాల్యం) కూడా 60 చదరపు మీటర్ల లోపు ఉండాలి, అంటే 645 అడుగులు. ఈ ధరల్లో ఆ గీత కింద ఎవరు కట్టగలరు? నిర్మాణంలో ఉన్న కోటి రూపాయల ఫ్లాట్ కొంటే జీఎస్టీ 5 లక్షలు, రిజిస్ట్రేషన్ ఏడున్నర లక్షలు. ముందు వీటి మీద పడండి.

మియాపూర్ అద్దెదారు:
సరే, వేలం పూర్తిగా ఆపమనను. కానీ ప్రతి వేలంలో పదో వంతు భూమి హౌసింగ్ బోర్డుకు వదలాలి. అక్కడే, నియోపోలిస్‌లోనే, ఔటర్ అవతల కాదు. 600 నుంచి 900 అడుగుల ఫ్లాట్లు కట్టాలి, సగం అద్దెకే ఇవ్వాలి. పదేళ్లు అమ్మకూడదనే షరతు పెట్టాలి.

సైట్ ఇంజినీర్:
ఆ షరతు పెడితే వేలంలో పాట తగ్గుతుంది.

మియాపూర్ అద్దెదారు:
తగ్గాలనే కదా అడుగుతున్నది.

సైట్ ఇంజినీర్:
తగ్గిన సొమ్ము ఎక్కడి నుంచి రాబడతారో కూడా ఆలోచించండి. 2021 జూలైలో రిజిస్ట్రేషన్ భారం 6 నుంచి 7.5 శాతానికి ఎక్కించారు, భూముల విలువలు కూడా అప్పుడే పెంచారు. ఆ భారం మోసింది వేలంలో పాడినవాళ్లు ఒక్కరే కాదు, బాచుపల్లిలో 50 లక్షల ఫ్లాట్ కొన్నవాళ్లు కూడా.