‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ కథపై టీనేజ్ పిల్లలతో చర్చ ఎలా నడపాలి?

14, 15 ఏళ్ల పిల్లలు కొందరితో కథలు చదివిస్తుంటాను. ఈసారి 1954లో అచ్చయిన టామ్ గాడ్విన్ కథ ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ తీసుకున్నాం. జ్వరం మందు మోసుకెళ్తున్న చిన్న అంతరిక్ష నౌకలోకి, అన్నను చూడాలని 18 ఏళ్ల అమ్మాయి దొంగచాటుగా ఎక్కుతుంది. ఇంధనం పైలట్ ఒక్కడి బరువుకే లెక్కగట్టి పోశారు. ఆమె ఉంటే నౌక కూలిపోతుంది, అక్కడ మందు అందక ఆరుగురు పోతారు. కాబట్టి ఆమెను బయటికి పంపేయాలి.

ప్రకృతి సూత్రాలకు జాలి ఉండదని నేనేదో చెప్పబోయాను. ఈలోపే ఒకమ్మాయి అడిగింది: ‘తలుపు మీద లోపలికి రావద్దనే రాశారు. వస్తే ప్రాణం పోతుందని ఎందుకు రాయలేదు?’ ఇంకొకడు కుర్చీ, అలమర తలుపు విసిరేస్తే సరిపోతుందన్నాడు. ఇక గంటంతా బరువుల లెక్కలే! వాళ్లన్నదీ నిజమే. తప్పు లెక్కలదా, అంత పిసినారిగా ఇంధనం పోసినవాళ్లదా అని పెద్దవాళ్లూ వాదించుకున్నారు. కానీ ఆ అమ్మాయి చివరిసారి అన్నతో రేడియోలో మాట్లాడే చోటు ఎవరికీ పట్టలేదు. నాకు గుండె పిండేసేది అదే.

వచ్చేవారం మళ్లీ కూర్చుంటున్నాం. ముందు ఆ పేజీలు పైకి చదివించి, తర్వాత వాదనకు వదిలేయాలా? ముగింపు మార్చి రాయమంటే మళ్లీ లెక్కల్లోకే పోతారేమో! చావు మాట రాగానే ముడుచుకుపోయే పిల్లాడూ ఒకడున్నాడు, అదో టెన్షన్. ఇలాంటి చర్చ నడిపినవాళ్లుంటే, మీరు మొదట ఏ ప్రశ్న అడిగారో కాస్త చెప్తారా?