ఇరవై వరుసల్లో నడిచిన మాక్రో 41 వేల వరుసల్లో ఆగిపోయింది

ప్రశ్న (ఎనుమాముల):
అన్నా, మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. రెండు నెలలుగా పుస్తకం చూసి ఎక్సెల్ మాక్రోలు (షీట్‌లో పనిని తనంతట తానే చేసే కోడ్‌లు) నేర్చుకుంటున్నా. రైతువారీగా మిర్చి తూకం కూడే నమూనా కోడ్ ఇరవై వరుసల్లో చక్కగా నడిచింది. పాత తక్‌పట్టీలన్నీ (రైతుకిచ్చే తూకం, ధర చీటీలు) ఎక్కించిన 41 వేల వరుసల షీట్‌లో పెడితే ‘రన్‌టైమ్ ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో’ అంటోంది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. వేరే పుస్తకం కొనాలా?

జవాబు (హనుమకొండ):
వద్దు తమ్మీ. కోడ్‌లో వరుస నంబర్‌కు ‘యాజ్ ఇంటిజర్’ అని ఉందేమో చూడు. అది చిన్న పూర్ణ సంఖ్యల రకం, అందులో 32,767 దాకే పడుతుంది. దాన్ని పెద్ద పూర్ణ సంఖ్యలు పట్టే ‘లాంగ్’ చెయ్యి, సుమారు 214 కోట్ల దాకా పడుతుంది. ఎక్సెల్ 2007 నుంచి షీట్‌లో 10,48,576 వరుసలున్నాయి కాబట్టి వరుసలకు ఎప్పుడూ లాంగే వాడు.

అక్షరం మార్చలేదన్నావు చూడు, అక్కడే నాకు బాధనిపించింది. నేనూ ఏడాదిపాటు నమూనాలు ఎక్కించుకున్నానే తప్ప నేర్చుకోలేదు. ఆల్ట్ ఎఫ్11 కొట్టి కోడ్ తెరువు, ఎఫ్8 నొక్కుతూ ఒక్కో లైను నడిపించు. పక్కన షీట్ కనబడేలా పెట్టుకో. ఏ లైనుకు ఏ గడి మారుతుందో కళ్లారా చూడాలి. తర్వాత కావాలని ఒక లైను తీసేసి ఏమవుతుందో చూడు. పుస్తకంలో పది పేజీలు చదివినా రానిది ఆ ఒక్క లైనుతో వస్తుంది. ఇదంతా ఫైలు కాపీ మీదే చెయ్యి. మాక్రో చేసిన మార్పు కంట్రోల్ జెడ్‌తో వెనక్కి రాదు.

జవాబు (కరీంనగర్):
అన్న చెప్పింది నిజమే, కానీ జాగ్రత్త! లాంగ్ వరుస నంబర్లకే. తూకానికి పెడితే దశాంశం పోతుంది. 40.5 కిలోలు పెట్టి చూడండి, 40 అవుతుంది. అదే 41.5 పెడితే 42. సరిగ్గా అరకిలో వస్తే దగ్గరి సరిసంఖ్యకు మారుస్తుంది. ఎర్రర్ కూడా రాదు, రైతు డబ్బు పోయినా ఎవరికీ తెలియదు. తూకానికి దశాంశాలు పట్టే ‘డబుల్’, రూపాయలకు ‘కరెన్సీ’ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. కంగారులో అన్నిటికీ లాంగే పెట్టేశాను, తూకానికి కూడా. ఇప్పుడు డబుల్ చేశాను. మాక్రో చివరిదాకా నడిచింది. నలుగురు రైతుల తక్‌పట్టీలు చేత్తో కూడి చూశాను, సరిపోయాయి. మిగతావి రేపు పొద్దున కాంటాలు మొదలయ్యేలోపు చూస్తాను.