సంచి మోసిన మావాడికీ దేశ భద్రతకీ సంబంధం ఏంటి?

తాండవ ఒడ్డు (ప్రశ్న):
మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు. మా మేనత్త కొడుక్కి 21 ఏళ్లు, ఐటీఐ ఫిట్టరు. పని లేక తిరుగుతుంటే ఎవడో పరిచయమై, తునిలో రైలెక్కి రెండు బ్యాగులు చెన్నైలో దించితే ఎనిమిది వేలు ఇస్తానన్నాడట. స్టేషన్లోనే దొరికిపోయాడు. 24 కేజీల గంజాయి. నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. ములాఖత్‌కి వెళ్తే "అమ్మ బీపీ మాత్రలు కొన్నావా" అని అడిగి తల దించుకున్నాడు.

మొన్నొక సభలో "గంజాయి రవాణా దేశ భద్రతకే ముప్పు" అన్నారు. అది మా అత్త చెవిన పడింది. "సంచి మోసినోడు దేశద్రోహి ఎలా అయ్యాడ్రా" అని రోజూ అడుగుతోంది. వాణ్ని వెనకేసుకు రావడం లేదు, తప్పు చేశాడు. ఆ మాటకి అర్థమేంటో తెలిసినవాళ్లు చెప్పండి.

కోర్టు గుమాస్తా:
తమ్ముడూ, ముందు కేసు సంగతి. గంజాయి 20 కేజీలు దాటితే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలో కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపార స్థాయి సరుకు. రుజువైతే పదేళ్లకు తక్కువ పడదు. 37వ సెక్షన్ వల్ల బెయిల్ చాలా కష్టం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టండి. జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తారు.

కొండబడి మాస్టారు:
బాబూ, మన్యంలో చింతపల్లి, జీకే వీధి మండలాల్లో 19 ఏళ్లు పాఠాలు చెప్పాను. మీ అత్తగారికి నేను చూసింది చెప్పండి. బయటి వ్యాపారులు విత్తనం, అడ్వాన్సు ఇచ్చి కొండవాలులో శీలావతి రకం గంజాయి వేయించేవారు. కోత రోజుల్లో బడి సగం ఖాళీ. ఒకసారి ఐదో తరగతి పిల్లాడు పలక పట్టుకుంటే వేళ్లు నల్లగా, జిగటగా ఉన్నాయి. సబ్బుతో పోలేదు, కొబ్బరినూనె రాసి తుడిచాను. ఆకు దూసినందుకు ఎంత కూలి వచ్చిందో వాడు గర్వంగా చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ డబ్బులో మావోయిస్టు దళాలకు వాటా వెళ్తుందని పోలీసులు అనేవారు. నా కళ్లకు కనబడింది మాత్రం ఊళ్ల భయం. ఎవరూ నోరు విప్పేవారు కాదు. 2021 అక్టోబరులో లంబసింగి దగ్గర గంజాయి కేసు పని మీద వచ్చిన నల్గొండ పోలీసుల మీద దాడి జరిగి, వాళ్లు కాల్పులు జరపాల్సి వచ్చింది. సర్కారు మాట చెల్లక వ్యాపారి మాట చెల్లే చోటు మన దేశంలోనే తయారైంది. భద్రతకి ముప్పు అంటే నాకు అర్థమైంది ఇదే.

తర్వాత పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. నరకడం తేలికే. కాఫీ కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. అందాకా ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? కాఫీ, మిరియాల దగ్గర రైతుకి చేయి అందించిన ఊళ్లే నిలబడ్డాయి. ఇప్పుడు సాగు ఎక్కువగా ఒడిశా వైపు మళ్లింది. మోయడానికి మాత్రం మీ ఊళ్ల కుర్రాళ్లే కావాలి.

హార్బర్ రోడ్డు:
విశాఖలో కార్గో క్లియరింగ్ పని చేస్తాను. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో దాదాపు మూడు టన్నుల హెరాయిన్ దొరికింది గుర్తుందా? అఫ్గానిస్తాన్ సరుకు, ఇరాన్ మీదుగా, టాల్క్ రాయి అని కాగితాల్లో రాసి పంపారు. తెప్పించిన కంపెనీ చిరునామా మన విజయవాడ! ఆ డబ్బు లష్కరే తోయిబాకి చేరేదని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ ఆరోపణ. అక్కడ ఒక చిరునామా వాడుకున్నారు, ఇక్కడ మీవాడి భుజం వాడుకున్నారు. సంచి ఇచ్చినవాడెవడో చెప్పించండి. రాష్ట్ర పోలీసుల మత్తుమందుల నిరోధక విభాగం ఈగల్ నంబరు 1972, చెప్పినవాళ్ల పేరు బయటపెట్టరు.

తాండవ ఒడ్డు:
మాస్టారూ, మీరు రాసింది అత్తకి చదివి వినిపించాను. పిల్లాడి వేళ్ల దగ్గర మళ్లీ చదవమంది. ఆ సంచి ఇచ్చినవాడి నంబరు మావాడి పాత ఫోన్లో ఉందట. బీరువాలోంచి అత్తే తీసిచ్చింది. సోమవారం లాయరు గారి దగ్గరికి పట్టుకెళ్తున్నాను.