"నష్టంలో పెట్టుబడి" అంటే తాయ్ చీయా, షేర్ మార్కెట్టా?

పోస్టు:
చెంగ్ మాన్‌చింగ్ అనే తాయ్ చీ (నెమ్మదిగా సాగే చైనా యుద్ధకళ) గురువు మాటొకటి ఇంగ్లీషులో "ఇన్వెస్ట్ ఇన్ లాస్" అని తెగ తిరుగుతుంది. దాన్ని "నష్టంలో పెట్టుబడి పెట్టు" అని తెలుగు చేస్తే ఎవరో షేర్లు కొనమని టిప్ ఇచ్చినట్టుంది. చైనా మాట "ఛి ఖ్వెయ్", అంటే నష్టం తినడం. అందులో పెట్టుబడీ లేదు, రాబడీ లేదు. మనకి దెబ్బలు తినడం, తన్నులు తినడం, చీవాట్లు తినడం అన్నీ ఉండగా ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి రావడం దేనికి?

మనిషి గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం. 1902లో చైనాలో, చెజియాంగ్ రాష్ట్రంలో వెన్‌జౌ వైపు పుట్టారు. చిత్రకళ, కవిత్వం, చేతిరాత, వైద్యం, తాయ్ చీ, ఈ ఐదింట్లోనూ ఆరితేరినవాడని పేరు. వయసులో ఉండగా క్షయ పట్టుకుంటే ఒళ్ళు బాగుపడటానికి మొదలెట్టిన సాధన చివరికి యాంగ్ శైలి తాయ్ చీ గురువు యాంగ్ చెంగ్‌ఫు దగ్గర శిష్యరికం దాకా తీసుకెళ్ళింది. 1949లో తైవాన్ వెళ్ళిపోయారు, 1964లో న్యూయార్క్ చేరి చైనాటౌన్‌లో నేర్పారు, 1975లో తైవాన్‌లోనే పోయారు. నూటికి పైగా భంగిమలున్న యాంగ్ శైలి వరసని 37కి కుదించింది ఈయనే. కొందరు సంప్రదాయవాదులకి అది ఇప్పటికీ మింగుడుపడదు, కానీ అమెరికాలో, మలేషియాలో ఎంతోమందికి తాయ్ చీ అందింది ఆ 37 వల్లే.

జవాబు:
"తినడం" బాగానే ఉంది గానీ "నష్టం తిన్నాడు" అని ఎవరంటారు సార్? డబ్బు తిన్నాడంటే నొక్కేశాడని. నష్టం దగ్గరికొచ్చేసరికి మనం "పోతాం": నష్టపోయాడు, మోసపోయాడు. పైగా దెబ్బ తినడమనేది మనకి ఖర్మ కాలి జరిగేది, ఎవరూ కావాలని చేయరు. దెబ్బ తిన్నాడంటే అయ్యో అంటాం గానీ శభాష్ అనం కదా. అసలు ఆయన ఏ సందర్భంలో అన్నారు?

పోస్టు పెట్టినవారు:
ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఆనించి, ఒకరి నిలకడ ఒకరు తప్పించాలని చూసే సాధన ఒకటుంది. కొత్తవాడు ఏం చేస్తాడంటే, ఎదుటివాడు తోస్తున్నాడనగానే భుజాలు బిగించి, పళ్ళు బిగబట్టి ఎదురు తోస్తాడు. ఆ బిగువే ఎదుటివాడికి పట్టు. చెంగ్ చెప్పేది, బిగించకు, తోస్తే వెనక్కి పో, మళ్ళీ వచ్చి నిలబడు, మళ్ళీ పో, అలా పోయేటప్పుడే నువ్వెక్కడ బిగిశావో ఒంటికి తెలుస్తుంది అని. అహం ఉన్నవాడికి ఇది నరకం, ఎందుకంటే పక్కవాళ్ళందరూ చూస్తుండగా ఓడిపోతూనే ఉండాలి.

ఆయన గురువు యాంగ్ రోజుకి పదిసార్లకి పైగా "వదులు, వదులు" అనేవారట, వదలకపోతే నువ్వు దెబ్బలు తినే కొయ్యవే అని. చెంగ్‌కి అది ఓ పట్టాన ఎక్కలేదు. ఒక రాత్రి రెండు చేతులూ విరిగిపోయినట్టు కలొచ్చి, ఉలిక్కిపడి లేచి ఆడించి చూసుకుంటే అప్పుడు అంతుపట్టిందని ఆయనే రాసుకున్నారు. సాగే దారంతో ఒంటికి తగిలించిన బొమ్మ చేతుల్లా ఉన్నాయట.

ఇంకొకరు:
ఆ "వదులు" భలే కుదిరిందండీ. చేతిలోది వదులు, పట్టు వదులు, చొక్కా వదులు, అన్నిటికీ ఒకటే మాట. నష్టం సంగతికొస్తే నా ఓటు "పడటా"నికి. మాట పడ్డాడు, నింద పడ్డాడు, కష్టపడ్డాడు, ఇందులో కొంత ఓర్పు ఉంది, "తినడం"లో అది లేదు. ఆ సాధనలో మనిషి నిజంగానే పడతాడు కూడా. "పడి నేర్చుకో" అంటే చాలు, నష్టం అన్న మాట వేరే అక్కర్లేదు.

మొదటి జవాబిచ్చినవారు:
"పడి నేర్చుకో" బావుంది మేడం. కాకపోతే సైకిల్ నేర్పేటప్పుడు అనే మాటలా వినిపిస్తుందేమో. "పడటానికి సిద్ధపడు" అందామంటే అందులో రెండు పడటాలయ్యాయి :)

పోస్టు పెట్టినవారు:
నాకూ "పడి నేర్చుకో" నచ్చింది. కానీ ఆయన తన పదమూడు అధ్యాయాల పుస్తకంలో మూడు భయాలు వద్దంటారు. ఒకటి చేదు తినడానికి, అంటే కష్టపడటానికి. రెండోది ఈ నష్టం. ఈ రెండింటికీ "పడటం" సరిపోతుంది. మూడోది "లీహాయ్". భీకరమైనది, గట్టిది, మామూలుది కాదు అని అర్థం. దానికేమంటారు?

మేడం:
ఘటికుడు. "వాడు మహా ఘటికుడు" అన్నప్పుడు జంకూ ఉంటుంది, మెచ్చుకోలూ ఉంటుంది.

పోస్టు పెట్టినవారు:
మనిషికైతే అంతకన్నా మంచి మాట లేదు. చైనావాళ్ళు ఎండకీ జబ్బుకీ కూడా లీహాయ్ అనే అంటారు, అదే చిక్కు. "ఘాటు" అంటే?

మొదటి జవాబిచ్చినవారు:
ఘాటు మిరపకాయకి సార్. దీనికి ఇంకో పోస్టు పెట్టండి.