స్టేషన్ల ఫ్రీ వైఫై మీద ఫోన్‌పే కొట్టొచ్చా?

పాలమూరు పోరడు:
మా దోస్తు మహబూబ్‌నగర్ స్టేషన్ల కాచిగూడ బండి కోసం కూసుంటే ఫోన్ల రైల్‌వైర్ (స్టేషన్ల రైల్వేవాళ్ల ఫ్రీ వైఫై) పేరుతోని రెండు వైఫైలు కనవడ్డయంట, ఒకటి నంబర్ అడిగి ఓటీపీ పంపుతది, ఇంకోటి సీదా జీమెయిల్ పాస్‌వర్డే అడుగుతుందట. గట్లాంటి దాంట్ల పైసలు పంపొచ్చా, జెర చెప్పుర్రి

నల్లగొండ నెట్‌వర్క్:
రెండోది ముట్టొద్దను తమ్మీ. వైఫైకి ఎవడు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, పక్క బెంచీ మీద కూసున్నోడు గూడ తన హాట్‌స్పాట్‌కు గదే పేరు పెడ్తడు, కనెక్ట్ అయితే నెట్ మొత్తం వాని చేతులకెల్లే పోతది. అసలు రైల్‌వైర్‌కు నీ మెయిల్ పాస్‌వర్డ్‌తోని ఏం పని?

గద్వాల అక్క:
మరీ గంత భయం గూడ వద్దు, బ్యాంకు యాప్‌లు ఎన్‌క్రిప్షన్ తోనే నడుస్తయి, నడుమ ఉన్నోనికి లోపలి ముచ్చట కనవడదు. కానీ బ్రౌజర్ల సర్టిఫికెట్ బాగలేదని వార్నింగ్ వచ్చినా పట్టించుకోక ముందుకు నొక్కుతరు సూడు, గాడ మునుగుతరు. ఆటో కనెక్ట్ బంద్ పెట్టుకోవాలె. పైసల పనికైతే నేను మొబైల్ డేటానే వాడుత

పాలమూరు పోరడు:
వాడు అప్పటికే పాస్‌వర్డ్ కొట్టిండంట అక్కా 🤦

నల్లగొండ నెట్‌వర్క్:
అయితే ఇప్పుడే వైఫై తీసేసి డేటా మీద పాస్‌వర్డ్ మార్చుమను, టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకోపారి ఫోన్ల గూడ అడిగేది) ఆన్ చెయ్యాలె, తెల్వని డివైజ్ ఏదన్న ఉంటే లాగౌట్ కొట్టాలె. పైసలు కట్ అయితే మాత్రం ఎంబడే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, రేపు సూద్దాం అనొద్దు